విద్యాసంవత్సరపు తొలి గీత: తెలుగు నేలపై చిత్రలేఖన ఉపాధ్యాయుని చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆధునిక తెలుగు చిత్రకళా చరిత్ర ఇంతవరకు చిత్రకారుల చరిత్రగానే ఎక్కువగా సాగింది. బడిలో ఏటా కొత్త పిల్లలకు గీత నేర్పిన ఉపాధ్యాయుడు అందులో పక్క పాత్రగా మిగిలిపోయాడు. విద్యాసంవత్సరం ఆరంభంలో చిత్రలేఖన ఉపాధ్యాయుడు చెప్పే తొలి పాఠాన్ని ఆధారంగా చేసుకొని, వీధిబడి ఇసుక నుంచి నేటి పాఠశాల వరకు ఆ పాఠం ఎలా మారిందో, ఆ మార్పు వెనుక ఏ విద్యా దృక్పథాలు పనిచేశాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చిత్రలేఖన బోధన, డ్రాయింగు మాస్టరు, మద్రాసు కళాపాఠశాల, కూల్డ్రే, దామెర్ల రామారావు, ఆంధ్ర జాతీయ కళాశాల, విద్యాహక్కు చట్టం

1. ఉపోద్ఘాతం

వేసవి సెలవుల తరువాత జూన్ నెలలో బడులు తెరిచినప్పుడు భాషోపాధ్యాయుడికీ గణితోపాధ్యాయుడికీ ఎక్కడ మొదలుపెట్టాలన్న సందేహం ఉండదు. పాఠ్యపుస్తకంలో తొలి పాఠం సిద్ధంగా ఉంటుంది. చిత్రలేఖన ఉపాధ్యాయుడి పరిస్థితి వేరు. తొలి తరగతిలో సరళరేఖ గీయించడమా, నల్లబల్లపై తాను వేసిన మామిడిపండును చూసి వేయించడమా, కిటికీలోంచి కనిపించే చెట్టును చూడమనడమా, ఇష్టమైనది వేయమని వదిలేయడమా అన్నది ఆయనే తేల్చుకోవాలి. ఈ నాలుగూ నాలుగు బోధనా విధానాలు. ఒక్కొక్కదాని వెనుక కళ ఎందుకు, పిల్లవాడు ఎవరు అన్న ప్రశ్నలకు ఒక్కో సమాధానం ఉంది.

ఆ సమాధానాలు ఉపాధ్యాయుని సొంత అభిరుచి నుంచి మాత్రమే పుట్టినవి కావు. వాటికి దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రను తెలుగు ప్రాంతాల వరకు స్థూలంగా గుర్తించడం, చిత్రకారుల జీవితచరిత్రల మాటున ఉండిపోయిన బోధన చరిత్రను వేరుచేసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘వ్రాయు’ ధాతువు – ఇసుక పలక

తెలుగులో ‘వ్రాయు’ అన్న క్రియకు అక్షరం రాయడం, బొమ్మ వేయడం అన్న రెండర్థాలూ ఉన్నాయి. ప్రాచీన కావ్యభాషలో చిత్తరువును ‘వ్రాస్తారు’. సంస్కృతంలో ‘లిఖ్’ ధాతువుకు కూడా గీకడం, గీయడం, రాయడం అన్న అర్థాలున్నాయి. ‘చిత్రలేఖనం’ అన్న నేటి పారిభాషిక పదంలో ఆ పాత ఐక్యత ఇంకా నిలిచి ఉంది. ఉషాపరిణయ కథలోని చెలికత్తె పేరు చిత్రలేఖ కావడం, ఆమె రాజకుమారుల రూపాలను రాసి చూపడం ఈ సందర్భంలో గమనించదగినవి.

ఈ ఐక్యత భాషకే పరిమితం కాదు. వీధిబడిలో ఓనమాలు దిద్దే పిల్లవాడు మొదట నేలపై పరిచిన ఇసుకలో వేలితో అక్షరరూపాన్ని అనుసరించేవాడు. అక్షరం అతనికి ధ్వని సంకేతం కాకముందే ఒక ఆకారం. మలుపు ఎక్కడ తిరగాలో, గీత ఎక్కడ ఆగాలో వేలికి అలవాటయ్యేది. ఇంటి వాకిట చుక్కలు పెట్టి ముగ్గు కలిపే బాలిక కూడా కొలబద్ద లేకుండానే సమదూరాన్ని, సౌష్ఠవాన్ని అభ్యసించేది. ఆమెకు దీనిని నేర్పేది తల్లి, అమ్మమ్మ. ఆ విద్యకు పరీక్షగానీ పట్టాగానీ లేవు.

ఇసుకలో రాసే ఈ పద్ధతికి ఒక ఆసక్తికరమైన తరువాతి కథ ఉంది. మద్రాసులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నిర్వహించిన ఆండ్రూ బెల్ స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి దానిని తన సంస్థలో ప్రవేశపెట్టారు. ఆయన 1796లో మద్రాసు విడిచి వెళ్లి, మరుసటి ఏడాది లండన్‌లో ఈ ప్రయోగాన్ని గురించి పుస్తకం ప్రచురించారు. పిల్లలే పిల్లలకు నేర్పే విధానంతో పాటు ఇసుక పలక కూడా ‘మద్రాసు పద్ధతి’లో భాగంగా ఇంగ్లండు బడులకు చేరింది. అప్పటికి వేలి గీత ఇక్కడి నుంచి అక్కడికి ప్రయాణించింది. అర్ధశతాబ్దం గడిచేసరికి చిత్రలేఖన పాఠ్యక్రమం లండన్ నుంచి మద్రాసుకు రావడం మొదలైంది.

3. కొలత తప్పని గీత: మద్రాసు కళాపాఠశాల

వైద్యుడైన అలెగ్జాండర్ హంటర్ 1850లో మద్రాసులో కళాపాఠశాలను స్థాపించారు. తరువాత ప్రభుత్వం దానిని స్వీకరించింది. కలకత్తా (1854), బొంబాయి (1857), లాహోరు (1875) కళాపాఠశాలలు దీని తరువాతివే. వీటన్నిటి ప్రధాన లక్ష్యం స్వతంత్ర చిత్రకారులను తయారుచేయడం కాదు. చేతివృత్తుల వారికి రూపకల్పనలో శిక్షణ ఇవ్వడం, సర్వే, ఇంజనీరింగు శాఖలకు అవసరమైన నక్షా గీసేవారిని తయారుచేయడం, బడులకు డ్రాయింగు ఉపాధ్యాయులను అందించడం వాటి పని.

పాఠ్యక్రమానికి ఆదర్శం దక్షిణ కెన్సింగ్టన్. హెన్రీ కోల్ ఆధ్వర్యంలో రిచర్డ్ రెడ్‌గ్రేవ్ రూపొందించిన బ్రిటిష్ జాతీయ బోధనాక్రమంలో 23 దశలున్నాయి. మొదటి దశలో పరికరాలతో జ్యామితి రేఖలు, రెండవ దశలో అచ్చు నమూనాను చూసి చేత్తో గీసే బాహ్యరేఖ ఉంటాయి. ఆ తరువాత ఘనాకృతులు, ఛాయ, పోతపోసిన అలంకారాలు, మానవాకృతి వరుసగా వస్తాయి. సొంత రూపకల్పన 22వ దశకు గానీ రాదు. అంటే విద్యార్థి తాను ఊహించినదాన్ని గీయడానికి ముందు ఇరవైకి పైగా మెట్లు ఎక్కాలి. బడి చదువుతోనే డ్రాయింగు ఆగిపోయే పిల్లలు తొలి మెట్లకు మించి వెళ్లే అవకాశం ఎంత తక్కువో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఈ విధానాన్ని కేవలం వలస పాలనా యాంత్రికతగా కొట్టివేయడం సులభమే గాని సమగ్రం కాదు. ఇందులో ఒక ప్రజాస్వామిక భావన కూడా ఉంది. చిత్రలేఖనం పుట్టుకతో వచ్చే వరం కాదనీ, అక్షరంలాగే ఎవరికైనా క్రమంగా నేర్పవచ్చుననీ అది ప్రతిపాదించింది. కులవృత్తిగా నకాషీలు, కలంకారీ పనివారు, శిల్పులు మాత్రమే తరతరాలుగా సాధన చేసిన విద్య, కనీసం సూత్రప్రాయంగా, తరగతి గదిలోని ప్రతి పిల్లవాడికీ తెరుచుకుంది. అయితే అలా తెరిచిన తలుపులోంచి ఆ వృత్తికారుల జ్ఞానం మాత్రం లోపలికి రాలేదు. పెడనలో అద్దకపు అచ్చు చెక్కే చేతికి తెలిసిన తీగ మలుపు డ్రాయింగు పుస్తకంలో లేదు. దాని స్థానంలో గ్రీకు, రోమను అలంకారాల ఆకులున్నాయి.

మద్రాసు పాఠశాలకు 1884లో అధ్యక్షులుగా వచ్చిన ఇ. బి. హావెల్ దక్షిణదేశపు చేతివృత్తులను దగ్గరగా పరిశీలించారు. ఆయన 1896లో కలకత్తా పాఠశాల బాధ్యత చేపట్టిన తరువాత అవనీంద్రనాథ్ ఠాకూర్ సాహచర్యంలో భారతీయ చిత్రణ సంప్రదాయాన్ని బోధనకు కేంద్రం చేయడానికి ప్రయత్నించారు. ఆ ప్రయత్నపు ఫలితం రెండు దశాబ్దాల తరువాత తెలుగు తీరానికి చేరిన తీరును ఐదవ భాగంలో చూద్దాం.

4. రాజమహేంద్రవరం: ఉద్యోగరీత్యా కాని గురువు

ఆధునికాంధ్ర చిత్రకళ గురించి రాసినవారందరూ ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే పేరును స్మరిస్తారు. 1909 నుంచి 1919 వరకు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ఆయన ప్రిన్సిపాలు. స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు, రచయిత. ఇక్కడి అనుభవాలతో ఆయన రాసిన ‘సౌత్ ఇండియన్ అవర్స్’ 1924లో వెలువడింది. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటివారు ఆయన ప్రోత్సాహంతో ఎదిగారు.

బోధన చరిత్ర దృష్టితో చూస్తే ఇక్కడ ఒక విశేషం కనిపిస్తుంది. కూల్డ్రే డ్రాయింగు మాస్టరు కారు. ఆయన ఉద్యోగంలో చిత్రలేఖన బోధన లేదు, పరీక్షా లేదు. కనుక 23 దశల నియమం ఆయనను బంధించలేదు. గోదావరి తీరపు ప్రకృతిని, జనజీవనాన్ని తాను గీస్తూ, శిష్యులను కూడా చుట్టూ ఉన్న లోకం వైపు చూడమన్నారు. ప్రభుత్వ డ్రాయింగు తరగతిలో చివరి దశకు వాయిదా పడిన పని ఇక్కడ తొలి పాఠం అయింది. అయితే దీనికి మరో ముఖం కూడా ఉంది. పరీక్ష లేని ఈ బోధన కొందరు ప్రతిభావంతులకే అందింది. తరగతిలోని ప్రతి విద్యార్థికీ అందాలన్న నియమం దానికి లేదు. సమానత ఉన్నచోట స్వేచ్ఛ లేకపోవడం, స్వేచ్ఛ ఉన్నచోట సమానత లేకపోవడం తెలుగు నేలపై చిత్రలేఖన బోధన నేటికీ పరిష్కరించుకోలేకపోయిన చిక్కు.

కూల్డ్రే ప్రోద్బలంతో 1916లో బొంబాయి జె. జె. కళాపాఠశాలలో చేరిన రామారావు, 1920లో చదువు ముగించి, 1922 ప్రాంతంలో రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పారు. శిష్యుడు గురువై తన తొలి తరగతిని తాను తెరిచిన సందర్భం అది. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకళను అభ్యసించారు. ముగ్గు వరకే పరిమితమైన స్త్రీల గీతకు కాగితం, రంగుల పెట్టె అందిన తొలి తెలుగు ఇళ్లలో ఆ ఇల్లు ఒకటి అనవచ్చు.

1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి రామారావు మరణించారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు. చిత్రకారుని చరిత్ర అక్కడితో ముగుస్తుంది. పాఠశాల చరిత్రకు మాత్రం అసలు పరీక్ష అక్కడే మొదలైంది. వ్యవస్థాపకుడు లేని పాఠశాలను మిత్రుడైన వరదా వెంకటరత్నం భుజాన వేసుకున్నారు. రామారావు చిత్రాలను కాపాడుతూ దశాబ్దాల పాటు విద్యార్థులకు చిత్రలేఖనం నేర్పారు. రామారావు సృజన గురించి రాసిన పుటలతో పోలిస్తే వెంకటరత్నం బోధన గురించి రాసినవి చాలా తక్కువ. ఒక సంప్రదాయం నిలవాలంటే దానిని ప్రారంభించినవారితో పాటు ఏటా కొత్తగా వచ్చిన విద్యార్థికి మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు కావాలి. ఈ రెండవ పనికి మన చరిత్ర రచన ఇచ్చిన స్థానం స్వల్పం.

5. బందరు: జాతీయ విద్యలో చిత్రకళ

వంగదేశంలో స్వదేశీ ఉద్యమంతో పాటు రూపుదిద్దుకున్న జాతీయ విద్యా భావనతో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో ప్రారంభమైంది. మాతృభాష, చేతిపనులు, కళలు అక్కడి చదువులో భాగాలు. 1920లలో చిత్రకళా బోధనకు వంగదేశం నుంచి ప్రమోదకుమార చటోపాధ్యాయ వచ్చారు. అడివి బాపిరాజు, గుర్రం మల్లయ్య, కవుతా రామమోహనశాస్త్రి అక్కడ ఆయన శిష్యులు. హావెల్, అవనీంద్రుల కలకత్తా ప్రయత్నం ఈ విధంగా ఆంధ్ర తీరానికి చేరింది. గ్రీకు ఆకు స్థానంలో అజంతా రేఖ, పోత నమూనా స్థానంలో పురాణగాథ వచ్చాయి.

ఈ మార్పు గొప్పదే. అయితే తొలి పాఠం దృష్టితో చూస్తే ఒక ప్రశ్న మిగులుతుంది. అజంతా రేఖను అనుసరించడం కూడా ఒక నమూనాను అనుసరించడమే. నమూనా మనదైనంత మాత్రాన పిల్లవాడి చూపు స్వతంత్రమైనట్లేనా? శాంతినికేతనంలో 1919లో ఆరంభమైన కళాభవనంలో నందలాల్ బోసు ఈ ప్రశ్నను ఎదుర్కొని, ప్రకృతి పరిశీలన, సంప్రదాయం, విద్యార్థి సొంత భావన మూడింటినీ కలిపి నడిపే మార్గం వెతికారు.

బాపిరాజు ఈ చరిత్రలో ఒక వారధి. కూల్డ్రే వద్ద చుట్టూ ఉన్న లోకాన్ని చూడడం, చటోపాధ్యాయ వద్ద సంప్రదాయ రేఖ నేర్చుకున్న ఆయన 1930లలో అదే జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. సాహిత్య విద్యార్థులు ఆయనను ‘నారాయణరావు’, ‘హిమబిందు’ నవలల రచయితగా చదువుతారు. ఆ నవలల్లోని వర్ణనల్లో రంగుకు ఉన్న ప్రాధాన్యాన్ని విమర్శకులు తరచుగా ఆయన కవిత్వ లక్షణంగా భావించారు. ఆయన పొందిన చిత్రకళా శిక్షణతో జోడించి వాటిని చదవడం తెలుగు శాఖల్లో ఇంకా విరివిగా జరగవలసిన పని.

6. బడి గదికి చేరిన చిత్రకారులు

1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి మద్రాసు పాఠశాల బాధ్యతలు చేపట్టడంతో ఆ సంస్థ వృత్తివిద్యా స్వభావం నుంచి లలితకళల వైపు మళ్లింది. అనేకమంది తెలుగు చిత్రకారులు ఆయన వద్ద చదివారు. హైదరాబాదు రాజ్యంలో కళాపాఠశాల కొంత ఆలస్యంగా వచ్చినా తెలంగాణ విద్యార్థులకు అది కొత్త ద్వారం తెరిచింది. అక్కడ చదివి, శాంతినికేతనంలో నందలాల్ శిష్యరికం చేసి తిరిగి వచ్చిన కొండపల్లి శేషగిరిరావు, తాను చదివిన చోటనే దీర్ఘకాలం అధ్యాపకులుగా కొనసాగారు.

బడి స్థాయిలో చెప్పుకోదగిన ఉదాహరణ సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012). బతుకమ్మ, బోనాలు, పల్లె శ్రమజీవనం ఆయన చిత్రాల్లో నకాషీ సంప్రదాయపు చాయలతో కనిపిస్తాయి. అంతటి చిత్రకారుడు వృత్తిరీత్యా బడిలో డ్రాయింగు ఉపాధ్యాయుడు. పందొమ్మిదవ శతాబ్ది పాఠ్యక్రమం గడప బయటే నిలిపిన వృత్తికారుల గీత, డ్రాయింగు మాస్టరు పనిలోకి తిరిగి రావడం ఇక్కడ చూస్తాం.

ఇదే కాలంలో జాతీయ స్థాయి ఆలోచన కూడా మారుతూ వచ్చింది. 1937లో గాంధీజీ ప్రతిపాదన మేరకు జాకీర్ హుస్సేన్ సంఘం రూపొందించిన మౌలిక విద్యా ప్రణాళికలో మాతృభాష, గణితాలతో పాటు చిత్రలేఖనం, సంగీతం కూడా స్థానం పొందాయి. జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం–2005 పదో తరగతి వరకు కళావిద్య తప్పనిసరి కావాలన్న దృష్టిని బలపరిచింది. జాతీయ విద్యావిధానం–2020 ఇతర పాఠ్యాంశాలను కళతో మేళవించి బోధించడాన్ని ప్రోత్సహించింది. కాగితం మీద కళావిద్య స్థానం క్రమంగా పెరుగుతూ వచ్చిందనడంలో సందేహం లేదు.

7. నలభై రెండు రోజులు – ‘పార్ట్ టైం’ అన్న మాట

ఆచరణ మాత్రం ఆ వేగంతో సాగలేదు. తెలుగు రాష్ట్రాల్లో నేటికీ డ్రాయింగు లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు జరుగుతున్నాయి. ఫ్రీహాండ్ ఔట్‌లైన్, జామెట్రీ, డిజైన్ అన్న మాటలు ఆ పరీక్షలతో పాటు వాడుకలో ఉన్నాయి. విక్టోరియా కాలపు దశల పేర్లు, వాటి తాత్త్విక నేపథ్యం చెరిగిపోయిన తరువాత కూడా, మిగిలి ఉండడం విశేషం. లోయర్ గ్రేడు ఉత్తీర్ణులకు వేసవిలో 42 రోజుల సాంకేతిక ఉపాధ్యాయ ధ్రువపత్ర శిక్షణ ఉంటుంది. సాధారణంగా మే 1న మొదలై జూన్ 11న ముగుస్తుంది. జూన్ 12న బడులు తెరుస్తారు. శిక్షణ ముగిసిన మరునాడే విద్యాసంవత్సరం మొదలవుతుంది. బోధనాశాస్త్రం, బాలల మనస్తత్వం, కళాచరిత్ర అన్నీ ఆ ఆరు వారాల్లోనే ఇమడాలి.

శిక్షణ పొందినవారికి ఉన్న స్థానం ఏమిటో 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలు చెబుతుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో విజ్ఞానశాస్త్రం–గణితం, సాంఘికశాస్త్రం, భాషలకు ఉపాధ్యాయులుండాలని అది నిర్దేశించింది. కళావిద్య, ఆరోగ్య–వ్యాయామవిద్య, పనివిద్యలకు మాత్రం, అదీ వందమందికి మించి పిల్లలున్న బడుల్లో, పార్ట్ టైం బోధకులు ఉండాలన్నది. ఇందులో రెండు పదాలు శ్రద్ధగా చదవదగినవి. ఒకటి ‘పార్ట్ టైం’. రెండవది ‘బోధకుడు’. భాష చెప్పేవారు ఉపాధ్యాయులు, బొమ్మలు నేర్పేవారు బోధకులు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఆ పార్ట్ టైం ఏర్పాటు కూడా లేదు. పిల్లవాడు గీతను, అక్షరాన్ని కలిపి అందుకునే వయసు సరిగ్గా అదే.

వంద మంది లోపు పిల్లలున్న పల్లె బడిలో, కనుక, కొత్త విద్యాసంవత్సరంలో చిత్రలేఖనపు తొలి పాఠం ఏమిటన్న ప్రశ్నకు అవకాశమే ఉండదు. ఉన్నచోట కూడా పరీక్షల కాలం వచ్చేసరికి డ్రాయింగు పీరియడును గణితానికో, విజ్ఞానశాస్త్రానికో ఇచ్చివేయడం అందరికీ తెలిసినదే. వందేళ్ల క్రితం డ్రాయింగు మాస్టరు సరళరేఖకే పరిమితమయ్యాడని విమర్శించాం. నేడు చాలా బడుల్లో ఆ సరళరేఖ నేర్పేవారు కూడా లేరు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

ఒకటి: తెలుగు నేలపై చిత్రలేఖన బోధన అనుకరణ నుంచి స్వేచ్ఛకు నేరుగా సాగిన ప్రయాణం కాదు. అందరికీ నేర్పాలన్న ప్రభుత్వ డ్రాయింగు తరగతి ఆశయం, స్వతంత్రంగా చూడడం నేర్పిన గురువుల పద్ధతి వేర్వేరు సంస్థల్లో, వేర్వేరు మార్గాల్లో సాగాయి. రెండూ ఒకే తరగతి గదిలో కలిసిన సందర్భాలు అరుదు.

రెండు: నిలిచిన సంప్రదాయాల వెనుక ఏటా కొత్త విద్యార్థులకు మొదటి నుంచి చెప్పిన ఉపాధ్యాయులున్నారు. వెంకటరత్నం ఇందుకు నిదర్శనం. ఇలాంటివారి బోధనను అధ్యయనం చేయడానికి బడుల హాజరు పట్టికలు, పాత డ్రాయింగు పరీక్షాపత్రాలు, విద్యార్థుల అభ్యాస పుస్తకాలు, శిష్యుల మౌఖిక కథనాలు ఆధారాలు కాగలవు. ఇవి జీర్ణించిపోకముందే జిల్లాల వారీగా సేకరించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం. పిహెచ్.డి. స్థాయిలో తెలుగు, చరిత్ర, లలితకళల శాఖలు కలిసి చేయదగిన పని ఇది.

మూడు: కళతో మేళవించిన బోధన అన్న నేటి విధానం కళోపాధ్యాయునికి ప్రత్యామ్నాయం కాజాలదు. పటం వేయించే సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు పటాన్ని నేర్పుతాడు, గీతను నేర్పడు. గీతను నేర్పడానికి దానిని సాధన చేసినవారే కావాలి. వారిని ఆరు వారాల శిక్షణతో, పార్ట్ టైం హోదాతో ఉంచి ఈ పని ఆశించడం న్యాయం కాదు.

తెలుగులో ‘వ్రాయు’ అన్న ఒక్క క్రియ అక్షరానికీ బొమ్మకూ సరిపోయేది. బడి ఆ రెంటినీ విడదీసి, ఒకదానికి ప్రతి తరగతిలోనూ ఉపాధ్యాయుణ్ణి ఇచ్చి, మరొకదానికి వందమంది పిల్లల నిబంధన పెట్టింది. ఈ అసమానత ఎలా ఏర్పడిందో చరిత్ర వివరించగలదు. దానిని సరిదిద్దడం విద్యావిధాన నిర్ణేతల పని. ప్రాథమిక తరగతుల నుంచే పూర్తికాలపు చిత్రలేఖన ఉపాధ్యాయుణ్ణి నియమించడం అందుకు మొదటి అడుగు.